చరగృహంలో అగ్ని

వేలూరు దాపున ఉన్న గుడియాత్తంలో తయారయ్యే అగ్గిపెట్టెలో ఒక నియమం ఇమిడి ఉన్నది. పుల్ల తలపై ఒక మందు, పెట్టె పక్కన వేరొక మందు. ఆ రెండూ ఎడంగా ఉన్నంతకాలం అగ్ని నిద్రిస్తుంది, మనిషి కోరి గీసినప్పుడే మేల్కొంటుంది. కౌండిన్యానది ఒడ్డున తరతరాలుగా ఆ పుల్లలను పెట్టెలకెత్తిన చేతులకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు.

పూర్వులకూ ఇది తెలుసు. ఎడ్లబండి కట్టుకొని తీర్థయాత్రకు వెళ్లినవారు వంటవేళకు బండి విప్పి, చెట్టునీడన మూడు రాళ్లు పేర్చి వండుకొని, నిప్పుమీద నీళ్లు చల్లిన పిమ్మటే తిరిగి బండి ఎక్కేవారు. వాయువుల గుణాలు చెప్పే శాస్త్రం వారికి లేకపోయినా, పడకకూ పొయ్యికీ నడుమ ఆకాశం ఉండాలన్న వివేకం ఉండేది.

నేడు శ్రీపురం స్వర్ణాలయానికి, అరుణాచల గిరిప్రదక్షిణకు తరలే కుటుంబాలు, వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఆప్తులకు చికిత్స చేయించడానికి వచ్చి వాహనంలోనే రాత్రి గడిపే ఆర్తులు, శయ్యనూ సిలిండరునూ ఒకే కప్పు కింద చేర్చుకొంటున్నారు. దానిని క్యారవాన్ అన్నా, యాత్రాబస్సు అన్నా, అది గోడలు దగ్గరగా ఉన్న ఇల్లు. అందులోని గాలి కొద్దిపాటిది.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినప్పుడు పొగవలె పైకి పోక, నేలను అంటి పాకి, మంచాల కింద, మూటల మాటున మడుగుకడుతుంది. దానికి స్వతహాగా వాసన లేదు. మనలను మేల్కొల్పడానికే అందులో దుర్గంధం కలుపుతారు. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరితే చాలు, దీపపు స్విచ్చులో పుట్టే రవ్వ ఆ ఇంటిని దహించగలదు. కనుక పైకిటికీ ఒక్కటే చాలదు. నేలమట్టాన ఎన్నడూ మూయని రంధ్రం ఉండాలి. సిలిండరును నిలువుగా కట్టి, పడకగదితో పొత్తులేక బయటికే తెరుచుకొనే అరలో ఉంచాలి. గొట్టం గడువు తీరకముందే మార్చాలి. వాసన తగిలితే ఏ స్విచ్చునూ ముట్టక, వాల్వు కట్టి, అందరినీ దింపి, దూరం నుండి వంటగ్యాసు అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి.

ఇంతకంటె నిశ్శబ్దమైన శత్రువు కార్బన్ మోనాక్సైడు. గాలి చాలనిచోట మండిన పొయ్యి, బొగ్గుల కుంపటి, పక్కన మోగే జనరేటరు దానిని కంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు కూర్చునే చోటును అది ఆక్రమిస్తుంది. మేల్కొన్నవానికి తలనొప్పిగా, మత్తుగా తెలిసేది, నిద్రించేవానికి అదీ తెలియదు. దోమలకు జడిసి, ఏసీ చల్లదనానికి ఆశపడి కిటికీలన్నీ బిగించుకొనే మన అలవాటే దానికి తలుపు తీస్తున్నది.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున, మధురైలో నిలిపి ఉంచిన యాత్రికుల రైలుపెట్టె తగలబడి 9 మంది కన్నుమూశారు. లక్నో నుండి తీర్థయాత్రకు బయలుదేరినవారు వారు. రహస్యంగా తెచ్చిన సిలిండరుతో టీ కాచుకోవడమే కారణమని రైల్వే చెప్పింది. ఒక గుక్కెడు టీ! ఆ కోరికలో పాపమేమీ లేదు. పెట్టె దిగి పది అడుగులు నడిచే ఓపిక లేకపోయింది, అంతే.

దేహమే ఒక రాత్రి విడిది అని ఎరిగిన జాతి మనది. అది ఎరిగినవాడు ఇతరుల విడిదిని మరింత భద్రంగా కాపాడాలి గాని, అశాశ్వతమే కదా అని అలక్ష్యం చేయరాదు. నిద్రించేవాడు తన ఊపిరిని మేల్కొన్నవానికి అప్పగించి నిద్రిస్తాడు. పొయ్యి వెలిగించినవాడు, తాళంచెవి చేతనున్నవాడు ఆ అప్పగింతకు ధర్మకర్తలు.

పాలారు వంతెన దాటి ఈ రాత్రి బండి నిలిపే బాటసారులారా, వంట నేలమీదికి దింపండి. పడుకొనే ముందు సిలిండరు వాల్వు చేత తాకి చూడండి, పైన ఒకటి, కింద ఒకటి గాలిదారులు తెరచి ఉంచండి, తలుపుకు అడ్డుగా ఉన్న మూటలు తీసివేయండి. లోపల పసివారు నిద్రిస్తున్నారు.