బంతి ఇచ్చెయ్యమ్మా!

పిల్లలకు మనం నేర్పే మొట్టమొదటి నీతి ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? అబద్ధమాడరాదు అన్నది కాదు. దొంగతనం చెయ్యరాదు అన్నదీ కాదు. అవన్నీ తర్వాతెప్పుడో బళ్లో పంతులుగారు చెబుతారు. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్లకు మనం ఇంట్లో చెప్పేది, "ఇచ్చెయ్యమ్మా, తమ్ముడు అడుగుతున్నాడు కదూ!" అని. చేతిలోని బిస్కట్టో బొమ్మో ఇచ్చేస్తే "మా బంగారు తల్లే!" అని ముద్దు పెట్టుకుంటాం. ఇవ్వకపోతే "ఇంత స్వార్థమేమిటో, ఎవరి పోలికో!" అని నిట్టూరుస్తాం. ఆ 'ఎవరి పోలికో' అన్నప్పుడు మన చూపు అత్తగారి గదివైపు పోతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంత మంచి నీతి మీద నాకు అనుమానం పుట్టించింది ఏ తత్వశాస్త్ర గ్రంథమో అయితే బి.ఏ.లో ఫిలాసఫీ చదివినందుకు కాస్త సార్థకంగా ఉండేది. కాని పుట్టించింది ఫుట్‌బాల్.

కిందటి చలికాలం న్యూజెర్సీలో మా చెల్లెలింట్లో రెండు నెలలున్నాను. బయట మోకాలిలోతు మంచు. పిల్లల్ని ఇంట్లోనే ఉంచితే ఇల్లు పీకి పందిరేస్తారు కనుక శనివారం పొద్దున్నే ఒక బడి వ్యాయామశాలకు తీసుకుపోతారు. అక్కడ నాలుగేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న పిల్లలకు బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం నేర్పుతారు. డ్రిబ్లింగ్ అంటారు. ఆ దేశంలో ఫుట్‌బాల్‌ను సాకర్ అంటారని, వాళ్ల ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుపోయేదని మా చెల్లెలి కూతురు చిన్ని నాకు ఓపిగ్గా బోధపరిచింది. దానికి ఐదేళ్లు.

తమాషా ఏమిటంటే అక్కడ డజనుమంది పిల్లలుంటే డజను బంతులున్నాయి. పెద్దవాళ్లు ఆడే బంతికన్నా చిన్నవి. ఎవరి బంతి వాళ్లదే. అరికాలితో బంతి నెత్తిమీద కుడి ఎడమలుగా తట్టడం, రెండు పాదాల మధ్యా ఊయల ఊపినట్టు ఇటూ అటూ నెట్టడం, నేలమీద పెట్టిన నారింజరంగు టోపీల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ పోవడం. ఈల వెయ్యగానే బంతి ఆపి దానిమీద మోకాలు ఆనించాలి. ఇంకోసారి మోచెయ్యి. ఇంకోసారి ఏకంగా దానిమీద కూర్చోవాలి! పిల్లల నవ్వులతో హాలు ఎగిరిపోయేది. ఆఖర్న సొరచేప ఆట. బంతిలేని ఒకరిద్దరు సొరచేపలు. మిగిలినవాళ్లు తమ బంతి దక్కించుకుంటూ ఈ గోడనుంచి ఆ గోడకు ఈదాలి. మనం చిన్నప్పుడు ఆడిన నేలా బండకు ఇది దూరపు చుట్టమే.

మూసిన హాలులో ఆడితే ఇరుకు కదా అనుకున్నాను. ఇరుకే దాని గుట్టట. 1930లో ఉరుగ్వే దేశంలో మాంటెవిడియో నగరంలో హ్వాన్ కార్లోస్ సెరియానీ అనే ఆయన, వై.ఎం.సి.ఏ. కుర్రాళ్లకోసం, బాస్కెట్‌బాల్ కోర్టు అంత జాగాలో పక్షానికి ఐదుగురు చొప్పున ఆడే ఫుట్‌బాల్ కనిపెట్టాడు. అదే పెరిగి పెద్దదై ఫుట్‌సాల్ అయింది. తక్కువగా ఎగిరే బంతి, మీదమీదకు వచ్చే ప్రత్యర్థులు, తప్పించుకోవడానికి జానెడు చోటు. పెలే, మెస్సీలాంటి వాళ్లు చిన్నతనంలో ఆ ఇరుకులో అరితేరినవాళ్లే. ఆరడుగుల వంటింట్లో పదిమందికి వండి వార్చినవాళ్లకు ఇరుకు నేర్పే నేర్పు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

సరే, అసలు విషయం. బల్లలమీద కూర్చున్న తల్లిదండ్రులకు కోచ్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. 'పాస్' అని అరవకూడదు. పక్కవాడికి ఇవ్వమని చెప్పకూడదు. పాతికేళ్లు నిండని కుర్రాడు, అంత పెద్దమనుషులకు అంత మాట చెప్పాడు. అయినా అలవాటు ఊరుకుంటుందా? ఓ రోజు సొరచేప ఆటలో ఒక పిల్లవాడి బంతి పోయింది. వాడు ఏడుపుమొహంతో చిన్నిలాంటిదే ఇంకో మన తెలుగుపిల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. వెంటనే మా పక్కనుంచి వాళ్లమ్మ, "ఇచ్చెయ్యమ్మా, పాపం బాబు అడుగుతున్నాడు!" అంది. ఆ పిల్ల ఇచ్చేసింది. ఇచ్చేసి, చేతులు రెండూ వెనక్కు కట్టుకుని గోడవార నిలబడింది. తల్లి చుట్టూ చూసి గర్వంగా నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వు నాకు బాగా ఎరికే. మా ఇంట్లో ఆడవాళ్లందరి మొహాలమీదా చూశాను.

కోచ్ వచ్చి ఆ పిల్లకు మరో బంతి ఇచ్చాడు. తర్వాత ఆ తల్లితో అన్నాడు: "ఆమె దగ్గర బంతి ఇంకా లేదండీ. లేనిది ఎలా ఇస్తుంది?"

బంతి కాళ్లదగ్గరే ఉంది కదా, లేకపోవడమేమిటి అని ఆవిడకు బోధపడలేదు. నాకూ ఇంటికొచ్చి కాఫీ తాగేదాకా బోధపడలేదు. కాళ్లదగ్గర ఉండటం వేరు, కాలికి స్వాధీనంలో ఉండటం వేరు. స్వాధీనంలో ఉన్నప్పుడు ఎప్పుడు, ఎవరికి, ఎటువైపు ఇవ్వాలో తనకు తెలుస్తుంది. అది ఇవ్వడం. ఎవరో అరిస్తేనో, మీదికొస్తేనో భయపడి తన్నేస్తే అది వదుల్చుకోవడం. చూసేవాళ్లకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

మా మేనత్త ఉండేది. ఇల్లంతా తిన్నాక తినేది. పెళ్లినాటి గాజులు మరిది చదువుకు, గొలుసు ఆడబిడ్డ పెళ్లికి ఇచ్చేసింది. ఊరంతా త్యాగమూర్తి అనేవారు. ఆవిడకు డెబ్భై నిండిన రోజున కోడళ్లు ముచ్చటపడి, "అత్తయ్యా, ఇవాళ మీకిష్టమైన కూర చేస్తాం, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. చెప్పలేకపోయింది. మొహమాటం కాదు, తెలియక. "మీరేది చేసుకుంటే అదేనమ్మా" అంది చివరికి. ఆవిడ జీవితమంతా ఇచ్చిందా, లేక ఏదీ కాలికింద ఆగకముందే ఎవరో అడిగితే వదిలేసిందా? ఆ ప్రశ్న వేసుకోవడం ఆవిడ త్యాగాన్ని తక్కువ చెయ్యడమవుతుందేమోనని నాకు బెరుకుగానే ఉంది. అయినా వేసుకోకుండా ఉండలేకపోతున్నాను.

పిల్లల సంగతికొస్తే, 1932లో జాన్ పియాజే అనే స్విస్ పండితుడు పిల్లల నీతిజ్ఞానం మీద ఒక పుస్తకం వెలువరించాడు. అంతటి పండితుడూ జెనీవా, న్యూషాటెల్ ఊళ్లలో పిల్లలతో కలిసి గోళీలాడి దాన్ని రాశాడు! నాలుగైదేళ్ల పిల్లలు ఒకచోట కూర్చుని ఆడుతున్నా నిజానికి ఎవరి ఆట వాళ్లే ఆడుకుంటారట. అందరూ గెలవవచ్చు, ఎవరూ ఓడక్కర్లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి, అందరికీ ఒకే నియమం లేకపోతే ఆట సాగదని వాళ్లకే తోస్తుంది. అమెరికా సాకర్ సమాఖ్య వాళ్లు కూడా 2017 నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పక్షానికి నలుగురే చాలన్నారు, గోలీ కూడా వద్దన్నారు. జనం తక్కువైతే ఒక్కొక్కరి కాలికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది కదా మరి.

ఇంతవరకూ రాసి, 'భలే!' అనుకుంటూ ఉండగా మన హైదరాబాదు మనిషే నాకు అడ్డుతగిలాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే మన దేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానంలో నిలిచింది. ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పనిగట్టుకుని నడిపించాడు! బంతి అందుకోవడం, ఆలస్యం లేకుండా తోటివాడికి అందించడం. ఒక్కడే పట్టుకు ఊరేగితే జట్టు మునుగుతుందని ఆయనకు తెలుసు.

మనకూ తెలుసు. నలభై ఏళ్లొచ్చినా బంతి వదలని మగపిల్లలు మన ఇళ్లలో తక్కువా? తిన్న కంచం తీయడు, టీవీ చేతిలోనుంచి ఇవ్వడు, సంపాదన ఎంతో చెప్పడు. వాళ్లకు కూడా చిన్నప్పుడు ఎవరో 'నీదే నాన్నా, నీ దగ్గరే ఉంచుకో' అన్నవాళ్లే. 1986లో మెక్సికోలో మారడోనా తన సగంలో బంతి అందుకుని, ఎవరికీ ఇవ్వకుండా పదిసెకన్లలో ఇంగ్లండు వాళ్లందరినీ దాటుకుపోయి కొట్టిన గోలును లోకం నెత్తిన పెట్టుకుంది. అంతకు నాలుగు నిమిషాల ముందు అదే మహానుభావుడు చేత్తో గోలు కొట్టిన సంగతి కూడా మరిచిపోకూడదు.

రహీంగారిది పొరపాటనడానికి నాకు నోరు రాదు. అయితే ఆయన అంత కటువుగా ఇవ్వడం నేర్పింది బంతి అప్పటికే కాలికి పట్టుబడిన ఆటగాళ్లకు, ఐదేళ్ల పిల్లలకు కాదు. ఆ తేడాయే నాకు ముఖ్యమనిపిస్తుంది. మన ఇళ్లలో మాత్రం ఇది తలకిందులు. అసలు బంతే అందని పిల్లకు ఇవ్వడం, బాగా చేజిక్కినవాడికి ఉంచుకోవడం నేర్పుతాం.

ఈ మాటే మా చెల్లెలితో అంటే అది ఒప్పుకోలేదు. "బాగానే ఉందక్కా, అక్కడ డజను బంతులున్నాయి. ఇంట్లో ఒకటే సైకిలు, ఇద్దరు పిల్లలు. ఇవ్వమనకుండా ఎట్లా?" అంది.

ఇవ్వమనవద్దనలేదు, ఇస్తావా అని అడగమన్నాను.

"ఇవ్వనంటేనో?"

"ఇవ్వనంటే, ఆ పూటకి ఇవ్వనట్టే."

"చిన్నదైతే సరే. పిల్లవాడు ఇవ్వనన్నా అదేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. అది సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత శనివారం హాలుకు పోయేటప్పుడు కారెక్కుతూ చిన్నితో, "నీ బంతి నువ్వే చూసుకో" అంది. కొడుకుతో ఏమందో నేను వినలేదు.