మేకలు గెలిచే గీతలు

పులి-మేక ఆటకు బల్ల కొనక్కర్లేదు. బొగ్గుగనుల ఊరు మందమర్రిలోనైనా, గోదావరి అవతలి పల్లెలోనైనా ఒక అరుగు, ఒక సుద్దముక్కో బొగ్గుముక్కో ఉంటే చాలు. పై కొస నుంచి కిందికి విచ్చుకునే గీతలు, వాటిని కోసే అడ్డగీతలు. మూడు పులులకు మూడు రాళ్లు, పదిహేను మేకలకు చింతగింజలు. విదేశాల్లో వార్‌గేమింగ్ అభిమానులు కాన్వాసు గుడ్డకు యాక్రిలిక్ సీలెంటు, రంగు, ఇసుక కలిపి పూసి, ఆరాక దాని మీద బొమ్మ సైన్యాలను నడుపుతారు. సరంజామా వేరైనా ఇద్దరూ చేసేది ఒకటే: తమ చేత్తో రణరంగాన్ని తయారుచేసి అందులోకి దిగడం.

వేడుక కోసం యుద్ధభూమిని సృష్టించడం ధర్మమేనా?

కాదన్నవారిలో బుద్ధుడు ముందుంటాడు. దీఘనికాయంలోని మొదటి సూత్రమైన బ్రహ్మజాల సూత్రంలో ఆయన ఆడని ఆటల జాబితా ఉంది. ఎనిమిది గళ్ల వరుసల పటం, పది వరుసల పటం, నేల మీద గీసిన గీతల్లో ఆడేవి, చివరికి పటమే లేకుండా మనసులో ఊహించుకుని ఆడేవి కూడా అందులో ఉన్నాయి. మందమర్రికి దక్షిణాన, పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపం కట్టుకున్న కాలంలో ఈ ప్రాంతపు భిక్షువులకూ ఆ శీలమే వర్తించి ఉండాలి. అక్కడ చెప్పిన దోషం ఏమరుపాటు. ఆటలో మునిగినవాడు తన మనసు మీద కాపలా వదిలేస్తాడు.

ఆ హెచ్చరిక బలమైనదే. కానీ పులి-మేక గీతల్ని కాస్త నిదానంగా చూడాలి.

పులి పక్కనున్న మేక మీంచి ఖాళీ చోటికి దూకి దాన్ని తినేస్తుంది. మేకకు చంపే ఎత్తే లేదు. అయినా మేకలు గెలుస్తాయి! ఒంటరి మేక పోతుంది గానీ, దాని వెనుక ఇంకో మేక నిలబడితే పులి దూకలేదు. అలా ఒకదానికొకటి ఆసరాగా నిలిచి మూడు పులులకూ కదిలే దారి లేకుండా కట్టేస్తే ఆట ముగుస్తుంది. హింస చేతకాని పక్షానికి కూడా ఈ రంగం గెలుపు దారి ఉంచింది.

కురుక్షేత్రంలో నిరాయుధుడికి అలాంటి ఆసరా మాటల్లోనే ఉండిపోయింది. ఆయుధం లేనివాణ్ని, వెన్ను చూపినవాణ్ని కొట్టకూడదని భీష్మపర్వంలో ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ తర్వాత అభిమన్యుడు, ద్రోణుడు, కర్ణుడు ఎలా చనిపోయారో తెలిసిందే. అరుగు మీద మాత్రం నియమం గీతలోనే ఉంది. పులికి ఎంత ఆకలైనా గీత లేనిచోటికి దూకలేదు.

అన్ని పటాలూ ఇలాంటివి కావు. రైస్విట్జ్ అనే అధికారి రూపొందించగా 1824లో ప్రష్యా సైన్యం మెచ్చుకున్న యుద్ధక్రీడ అధికారులకు అసలు యుద్ధం నేర్పడానికి పనికొచ్చింది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' రాసి, నిజం యుద్ధం కన్నా బొమ్మల యుద్ధమే ఎంతో మేలని వాదించాడు. మరుసటి ఏడాదే యూరప్ తగలబడింది. ఆట యుద్ధాన్ని ఆపుతుందన్న ఆశ నిలవలేదు. అయినా ఆ రెండు పటాల తేడా మిగిలే ఉంది: ఒకటి గెలవడం నేర్పింది, రెండోది చంపకుండా ఆగమంది.

పులి-మేకలో ఇంకో సంగతి ఉంది. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకుంటారు. ఇప్పుడు పులులు పట్టినవాడు తర్వాత మేకలు పట్టాలి. అందుకే గీసేవాడు పులికి ఎక్కువ దారులు దొంగతనంగా కలపడు. కలిపితే ఆ దారుల్లోనే తన మేకలు పోతాయి. న్యాయం గురించి ఇంతకన్నా సూటైన పాఠం దొరకడం కష్టం.

మేకల ఎత్తు అరుగు దాటి బయటా కనిపించింది. 2011 సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు సింగరేణి బొగ్గుగని కార్మికులు గనుల్లోకి దిగడం మానేశారు. ఎవరినీ కొట్టకుండానే, బొగ్గు కదలకుండా చేసి థర్మల్ కేంద్రాలను ఇరుకున పెట్టారు, కరెంటు కోతలు పెరిగాయి. ఒకరి వెనుక ఒకరు నిలబడే ఆ ఎత్తు పులి-మేక ఆడినవారికి కొత్తది కాదు. కాకపోతే గనిలో గీతలు గీసింది కార్మికులు కారు, సమ్మె ముగిశాక పక్షాలు మార్చుకునే వంతు కూడా రాలేదు.