పిలుపు

మా నాయనకి అప్పటికే నలభై ఏళ్లు దాటాయి. ఆయన పాలేరుగా ఉన్న ఆసామి మనవడికి తొమ్మిదేళ్లు. వాడూ నేనూ ఒకే బడి, ఒకే తరగతి. వాడు అరుగు మీద నిలబడి 'ఒరేయ్' అంటే మా నాయన తలగుడ్డ తీసి 'అయ్యా' అంటూ పోయేవాడు. పెద్దల్ని 'మీరు' అనాలని బళ్ళో మా ఇద్దరికీ నేర్పారు. మా ఊళ్ళో ఆ పాఠం వయసుని బట్టి కాదు, పుట్టిన వీధిని బట్టి నడిచేది.

'మాటలదేముంది, గాలికి పోతాయి' అంటారు. ఎవరి మాటలు పోతాయి? మా నాయన రాత్రిపూట ఆసామిని తిట్టిన తిట్లన్నీ గాలికే పోయాయి. ఒక్కటీ ఆసామికి తగల్లేదు. ఆసామి ఇంటి 'ఒరేయ్' మాత్రం మా నాయన నడుం వంచేసింది. ఎందుకంటే దాని వెనక భూమి ఉంది, అప్పు కాగితం ఉంది, రేపటి కూలి ఉంది.

ఐదో తరగతిలో లెక్క తప్పితే అయ్యవారు 'నీకెందుకురా చదువు, పోయి గేదెలు కాసుకో' అన్నాడు. తరగతంతా నవ్వింది. మూడు రోజులు నేను బడి మొహం చూళ్ళేదు. ఏడో తరగతిలో ఇంకో మాస్టారు నన్ను పేరు పెట్టి పిలిచి, చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఆ లెక్కా తప్పింది. 'కూడికలో జారావు, మళ్ళీ చూడు' అన్నారు. అంతే. మళ్ళీ చూస్తే నాకొస్తుందని ఒక మనిషి అనుకోవడం అదే మొదలు. ఆ మాట పట్టుకునే డిగ్రీ దాకా వచ్చాను.

పిలుపు కోసం మనవాళ్లు పెద్ద పోరాటాలే చేశారు. 1917లో బెజవాడలో పంచముల పేరుతో పిలిచిన సభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ అయింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. తిట్టుగా విన్న మూడక్షరాల్ని మనవాళ్లు పేరు చివర తలెత్తుకుని రాసుకున్నారు. ఒకచోట పేరు వదిలేశారు, ఒకచోట అదే పేరు ఎత్తుకున్నారు. రెండుచోట్లా చెప్పింది ఒక్కటే: మమ్మల్ని ఏమని పిలవాలో మేం చెప్తాం.

చట్టమూ వచ్చింది. జనం ఎదుట మనల్ని కావాలని అవమానించడాన్ని 1989 అట్రాసిటీ చట్టం నేరం చేసింది. కులం పేరుతో తిట్టడాన్ని 2015 సవరణ విడిగా చేర్చింది.

ఇప్పుడు నేనూ గవర్నమెంటు బడి పంతుల్ని. రెండేళ్ల కిందట ఎక్కాలు రాని ఒక యానాది పిల్లోణ్ణి 'నీకెందుకురా చదువు, పోయి చేపలు పట్టుకో' అనేశాను. తరగతంతా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. పిల్లోడు తల దించుకుని పలక సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు రాలేదు.

అట్రాసిటీ చట్టం నన్ను పట్టుకోదు. నేనూ ఎస్సీనే గదా, అది ఎస్సీ ఎస్టీలు కాని వాళ్ల మీదే నడుస్తుంది. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. కానీ పంతులు మీద ఫిర్యాదు రాసేది ఎవరు? ఇంకెవరూ అడగనప్పుడు నన్ను నేనే అడగాలి. ఆసామి అరుగు దిగిపోయిందా, లేక నా కుర్చీ కిందకి వచ్చిందా?

సాయంత్రం వాళ్ల గుడిసెకి పోయాను. వాళ్లమ్మ గబగబా లేచి, కొంగు సర్దుకుని, 'అయ్యా' అంది. నా చెవిలో అది మా నాయన గొంతే.

'నేనన్నది తప్పమ్మా' అన్నాను. మర్నాడు తరగతి ముందు కూడా అదే చెప్పాను. తిట్టింది అందరి ముందు, తప్పు ఒప్పుకోవడం చాటుగా ఎందుకు? పిల్లోడు మళ్ళీ వస్తున్నాడు. ఏడో ఎక్కం ఇంకా తప్పుతున్నాడు. 'మళ్ళీ చూడు' అంటున్నాను.