నవ్వు చాటున విషము



2019 మార్చి 15న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో, రెండు మసీదులలో శుక్రవారపు నమాజుకు వచ్చినవారిపై ఒక యువకుడు కాల్పులు జరిపాడు. 51 మంది మరణించారు. వారిలో మన హైదరాబాదువారూ ఉన్నారు. ఆ ఘాతుకాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ, ఆరంభంలోనే అక్కడి యువత సరదాగా అనుకునే ఒక మాట పలికాడు. విడుదల చేసిన పత్రంలోనూ అలాంటి ఎకసక్కాలే చొప్పించాడు.

“మీమ్ నవ్వులాటకే కదా” అంటారు పిల్లలు. కాని ఒక జాతిని పురుగులుగా చూపితే పదిసార్లు నవ్విన మనసుకు, పదకొండోసారి జాలి పుట్టదు. సైనికులు క్రీస్తు ప్రభువుకు ముళ్ళకిరీటం పెట్టి, మోకరించి, ముందు నవ్వారు. మేకులు తరువాత కొట్టారు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి జపమాల ముగిశాక బిడ్డ పక్కన కూర్చోండి. “ఎవరిని చూసి నవ్వుతున్నావు నాన్నా?” అని అడగండి. గద్దించకండి, వినండి.