సిద్ధపాటు ఎవరి కొరకు?

(ముందుగా చదువుకొనవలసిన భాగములు: లూకా సువార్త 14వ అధ్యాయము, 28 నుండి 33 వచనములు; మొదటి దినవృత్తాంతములు 22వ అధ్యాయము.)

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము నీవు అనేక పర్యాయములు వినియుందువు. దానికి సాక్ష్యములు మన గ్రామములలో వెదకనక్కరలేదు. గోడలు లేచి కప్పు పడని ఇండ్లు, సగము లోతున విడిచిపెట్టిన బావులు మనకు తెలిసినవే. అయితే ఈ నెల నేను చెప్పదలచిన దృష్టాంతము మన గ్రామములోనిది కాదు, ఒక ఆటలోనిది. ఆటయేగదా అని చులకన చేయక, కొంతసేపు ఓర్పుతో వినుము.

2020వ సంవత్సరములో కరోనా వ్యాధి వలన లోకమంతయు తలుపులు మూసికొనియున్న దినములలో, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి కుమారుడు పది దినములు తల్లికి ఫోను చేయలేదు. ఆమె చేసినను అతడు ఎత్తలేదు. ఆమె అన్నము మాని ఏడ్చినది. మేమందరము కూడి ప్రార్థన చేసితిమి. పదకొండవ దినమున అతడు దొరికెను. వ్యాధి లేదు, ఆపద లేదు. “చిన్నాన్నా, మా ఆటలో ద్వారములు తెరచు సమయము దగ్గరపడినది. అందరము సిద్ధపడుచున్నాము. తీరిక లేకపోయినది” అని చెప్పెను. నాకు మిక్కిలి కోపము వచ్చెను. అయినను, ఏమి ద్వారములు, ఏమి సిద్ధపాటు అని అడిగితిని. అతడు చెప్పిన సంగతి నన్ను ఆలోచనలో పడవేసెను.

ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజర్డ్ అను కంపెనీవారు 2004వ సంవత్సరములో దానిని విడుదల చేసిరి. ఆడువాడు తన ఇంట కంప్యూటరు ముందు కూర్చుండును. ఇంటర్నెట్టు ద్వారా వేలమంది ఒకే కల్పిత దేశములో కలిసికొందురు. ఒకడు యోధుడుగాను, ఒకడు వేటగాడుగాను, ఒకడు గాయములు మాన్పువాడుగాను పాత్ర ధరించును. వారికి పనులు అప్పగింపబడును. ఒకటి ముగించినగాని దాని తరువాతిది దొరకదు. 2006వ సంవత్సరము జనవరిలో, అన్‌కిరాజ్ అను ఎడారి పట్టణపు ద్వారములను తెరచు మహాకార్యము ఒకటి ఆ ఆటలో పెట్టబడెను. తరువాత 2019లో కంపెనీవారు ఆ పాత ఆటనే మరల తెచ్చి, 2020లో ఆ ద్వారముల కార్యమును మరల జరిపించిరి.

ఆ ఆటవారు సర్వర్లు అను వేరువేరు సమాజములుగా పంచబడియుందురు. ఏ సమాజపు ద్వారములను ఆ సమాజమువారే తెరచుకొనవలెను. అందుకు రెండు విధములైన సిద్ధపాటు కావలెను.

మొదటిది అందరిదియు. రాబోవు యుద్ధమునకు సామగ్రి కూర్చవలెను. 2006లో పెట్టిన లెక్కలో రాగి కడ్డీలు 90,000; ఒక పక్షమువారు తేవలసిన నారగుడ్డ పట్టీలే 8,00,000. ఇవిగాక తోళ్లు, మూలికలు, వండిన ఆహారము. ఒక్కొక్కడు 20 పట్టీల చొప్పున కట్టగట్టి తెచ్చి అప్పగించును. ఆ దేశములో ఒకరికొకరు శత్రువులైన రెండు పక్షములు గలవు. ఇరువురును తమ తమ భాగము నింపినగాని పని ముందుకు సాగదు.

రెండవది ఒక్కనిది. విరిగి మూడు ముక్కలైన ఒక రాజదండమును ఎవడో ఒకడు సమకూర్చవలెను. కాలమును కాచు కంచు ఘటసర్పముల వంశము మొదట అతనిని పగవానిగా ఎంచును. ఎడారి పురుగులను చంపి, వాటి పెంకు ముక్కలను 200 చొప్పున మరల మరల తెచ్చి యిచ్చినగాని ఆ పగ చల్లారదు. తరువాత ఎర్ర, నీలి, పచ్చ ఘటసర్పముల యొద్దనుండి మూడు ముక్కలను సంపాదింపవలెను. అందుకు 40 మంది కూడి పోరాడవలసిన యుద్ధములు గలవు. ఇదంతయు ముగిసిన పిమ్మట ద్వారముల యెదుటనున్న గంటను అతడు ఒక్కసారి కొట్టును. ద్వారములు తెరువబడును. యుద్ధము 10 గంటలు జరుగును. ఆ గడువులో దండముతో వచ్చి గంట కొట్టినవారికి నల్లని పురుగు ఒకటి వాహనముగా దొరకును. గడువు దాటినవానికి దొరకదు.

“అయితే నీవు గంట కొట్టితివా?” అని అడిగితిని.

“లేదు చిన్నాన్నా. గంట కొట్టువాడు వేరొకడు. నేను పట్టీలు కట్టితిని” అని అతడు సంతోషముతోనే చెప్పెను.

ప్రియ చదువరీ, ఇచ్చట కొంచెము ఆగుదము. తన పేరు ఎవరికిని తెలియని కార్యమునకు, తాను కొట్టని గంటకు, ఒక యౌవనస్థుడు రాత్రులు మేల్కొని పట్టీలు కట్టెను. దావీదు చేసినదియు ఇట్టిదే కాదా? మందిరము కట్టువాడు తాను కాడని తెలిసియు, అతడు బంగారమును వెండిని కూర్చెను. తూచలేనంత ఇత్తడిని ఇనుమును పోగుచేసెను. దేవదారు మ్రానులను తెప్పించెను. రాళ్లు చెక్కువారిని నియమించెను. కుమారుడు పిన్నవాడు, పని గొప్పది అని తలంచి తన మరణమునకు ముందే విస్తారముగా సిద్ధపరచెను. మందిరము సొలొమోను పేర పిలువబడెను. మన సంఘములలో గంట కొట్టుటకు చాలమంది ముందుకు వత్తురు. పట్టీలు కట్టుటకు ఎందరు వత్తురు? క్రిస్మసునాడు వేదికమీద కూర్చుండువారిని లెక్కించుము. ముందటి రాత్రి పందిరి గుంజలు పాతి, చాపలు పరచినవారిని లెక్కించుము.

ఈ మాటలే అతనితో చెప్పి, “ఇంత ఓర్పు నీలో నుండగా దేవుని పనికి ఏల రాదు?” అని గద్దించితిని. అతడు కొంతసేపు మౌనముగానుండి, “చిన్నాన్నా, మీరు ఆదివారపు ప్రసంగమునకు శనివారము రాత్రికి ముందు ఎన్నడైనను సిద్ధపడితిరా?” అని అడిగెను. నా నోట మాట లేకపోయెను. అతడు మరల ఇట్లనెను: “నేను ఒక్క రాత్రి రాకపోయినయెడల ఆ 40 మందిలో ఎవరో ఒకరు నన్ను గూర్చి అడుగుదురు. ఈ గదిలో నేను ఒంటరిగా ఉండి నాలుగు నెలలైనది. మన సంఘమునుండి ఒక్కరైనను ఫోను చేయలేదు. మీరును చేయలేదు.”

అది నిజమే. నా గద్దింపు నా మీదికే తిరిగి వచ్చెను.

అయితే అతని ఆట మంచిదేనా, చెడ్డదేనా అని నీవు అడుగుదువు. కొందరు అది కేవలము పాపమందురు. కొందరు కాలక్షేపమునకు తప్పేమి అందురు. ఈ రెండు మాటలును నాకు తృప్తినియ్యలేదు. ఓర్పు ఎచ్చట కనబడినను అది దేవుడిచ్చిన బలమే. పందెపు రంగములో పరుగెత్తువారు వాడిపోవు కిరీటము కొరకు అన్నిటిలో మితముగా నుందురని పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు, వారి పట్టుదలను అతడు అపహసింపలేదు. దానిని చూపి విశ్వాసులను సిగ్గుపరచెను. అయినను ఆ కిరీటము వాడిపోవునదని చెప్పుట మానలేదు. ఎద్దు బలము బలమే. కాని అది నీరున్న బావిలో మోట లాగుచున్నదా, ఎండిన బావిలో లాగుచున్నదా అని యజమానుడు చూడవలెను గదా!

నీరున్నదో లేదో తెలియుట ఎట్లు? నాకు తోచిన గురుతు ఒకటి చెప్పెదను. ఏ సిద్ధపాటు నిన్ను నీకు అప్పగింపబడిన మనుష్యులయొద్దకు నడిపించునో దానిలో నీరున్నది. ఏ సిద్ధపాటు వారిని మరపించునో, అది ఎంత శ్రమతో కూడినదైనను ఎండిన బావియే. మా కుమారుని ద్వారములు తెరువబడెను. 10 గంటలలో ఆ యుద్ధము ముగిసెను. తల్లి ఏడ్చిన పది దినములు మరల రావు.

ఈ గురుతు ఆటకు మాత్రమే చెల్లునని అనుకొనకుము. గుడికి రంగు వేయించుటలో మునిగి, గుడి ప్రక్క గుడిసెలో జ్వరముతో పడియున్న ముసలమ్మను మరచిన పెద్దయు ఎండిన బావిలోనే మోట లాగుచున్నాడు. పాటలు నేర్చుకొనుటలో తోటివారితో కలహించి మాటలు మానిన గాయకులును అంతే. శనివారము రాత్రి వరకు మేల్కొనని ప్రసంగీకుడు మోట పట్టనేలేదు. ఆ మాట మొదట నాకే చెప్పుకొనుచున్నాను.

కాబట్టి ప్రియ చదువరీ, ఈ నెలలో మూడు చిన్న పనులు చేయుదము. నీకు అప్పగింపబడిన కార్యమేదో దానికి ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనుము. ఏమి కావలెనో కాగితముమీద వ్రాయుము. గంట ఎవరు కొట్టుదురని అడుగక, నీ వంతు 20 పట్టీలు తెచ్చి అప్పగింపుము. ఆదివారమున ఖాళీగానున్న స్థలమును చూచి, అది ఎవరిదో జ్ఞాపకము చేసికొని, సూర్యుడు క్రుంకకమునుపు వారిని విచారింపుము. దూరదేశములో ఒంటరిగానున్న బిడ్డకు ఫోను చేయుము. గద్దించుటకు కాదు, నీవు లేవని గమనించితిమి అని చెప్పుటకు.

మా కుమారుడు నేటికిని అప్పుడప్పుడు ఆ ఆట ఆడునని చెప్పుచున్నాడు. నేను వద్దనలేదు. ప్రతి ఆదివారము ముందుగా తల్లికి ఫోను చేయును. శుక్రవారము సాయంకాలము నాకును చేసి, “చిన్నాన్నా, ప్రసంగము సిద్ధమైనదా?” అని అడుగును.

ప్రార్థన: ప్రభువా, మాకు ఓర్పునిచ్చినవాడవు నీవే. దానిని వ్యర్థమైన వాటియందు ఖర్చుచేయకుండ మాకు వివేకము దయచేయుము. ఎవరును చూడని పనిని సంతోషముతో చేయ నేర్పుము. మా మధ్య కనబడనివారిని వెదకు మనస్సు నిమ్ము. ఆమేన్.