ఆహారశుద్ధియు వాక్స్వాతంత్ర్యమును

ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము ముట్టక నీరు మాత్రమే త్రాగియుండుమని శాసించి, ఆ గడువు తీరిన పిమ్మట వేదమును చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివి వచ్చిన ఆ యువకునకు ఒక్క ఋక్కైనను స్ఫురింపలేదు. మరల భుజించి వచ్చి కూర్చున్న పిదప తండ్రి యడిగినదంతయు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమను సిద్ధాంతము ఇట్లు ఛాందోగ్యోపనిషత్తున వాదముచేత గాక, ఆకలిచేత నిరూపింపబడినది. అదే ఉపనిషత్తు సప్తమాధ్యాయాంతమున సనత్కుమారుడు నారదునకు, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, అందువలన స్మృతి నిశ్చలమగుననియు ఉపదేశించెను.

ఇచ్చట ఆచార్యులు వేర్వేరు మార్గములను పట్టిరి. భగవద్రామానుజులు ఆహారమనగా భుజించు పదార్థమనియే గ్రహించి, దానికి జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు మూడును లేకుండవలెననిరి: ఉల్లి వెల్లుల్లుల వంటివి స్వభావముచేతనే వర్జ్యములు, కొన్ని పెట్టువాని వలన చెడును, కొన్ని వెండ్రుకయో మరియొకటియో పడుటచేత చెడును. శంకర భగవత్పాదులు మాత్రము శబ్దాది విషయములను గూర్చి మనము పొందు జ్ఞానమే ఇచ్చట ఆహారమనియు, అది రాగద్వేషమోహములచే మలినము గాకుండుటయే శుద్ధియనియు వ్యాఖ్యానించిరి. మన సంప్రదాయ గృహములలో వంటింటి ఆచారము మొదటి వ్యాఖ్యను అనుసరించినది. రెండవ వ్యాఖ్య చాలకాలము మఠములలోనే నిలిచిపోయినది. దానిని గృహస్థుని ముంగిటికి తెచ్చినది, ఆశ్చర్యముగా, టెలివిజను.

విస్తరి చుట్టు పరిషేచనము గావించి, ఆపోశనము పట్టి, పంచప్రాణములకు అయిదు చిన్న కబళములను ఆహుతులుగా సమర్పించి, అటుపై మౌనముగా భుజించు పెద్దలను చూచినవారు ఇంకను కొందరున్నారు. ఇప్పటి గృహములలో రాత్రి కంచము ముందునకు అన్నమును, కన్నుల యెదుటికి ఏదో యొక కలహమును ఏకకాలమున వచ్చును. చేయి పప్పన్నము కలుపుచుండగా చెవి వాదమును మ్రింగుచుండును. ఆ వాదమైనను అప్పటికప్పుడు వండినది గాదు. ఉదయము పుట్టిన మాటనే మధ్యాహ్నమొకసారి, రాత్రి మరియొకసారి వేడిచేసి పెట్టుదురు. జాము గడచిన అన్నము తామసమను గీతావాక్యమును అన్వయించినచో మన వార్తలలో మిగులునది స్వల్పము.

దృశ్యము ఆహారమే యైనచో, చెడ్డ ఆహారమును వడ్డించువానిని ఆపవలదా? 1988లో ఈ ప్రశ్న న్యాయస్థానమునకు ఎక్కినది. భీష్మ సాహనీ హిందీలో రచించి, 1975లో సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిన ‘తమస్’ నవలను గోవింద నిహలానీ చిత్రముగా తీయగా, దూరదర్శన్ దానిని ధారావాహికగా ప్రసారము చేయ మొదలిడెను. నత్థూ అను నిరుపేద చర్మకారుని మభ్యపెట్టి ఒక పందిని చంపించుటయు, దాని కళేబరము మసీదు మెట్లపై కనబడుటయు, దానితో రగిలిన విభజననాటి పంజాబు మారణకాండయు ఆ కథకు వస్తువు. ఇది చూచినచో జనులలో మతవిద్వేషము పెచ్చరిల్లునని కొందరు ప్రసారమును నిలుపగోరగా, బొంబాయి ఉన్నత న్యాయస్థానమున ఇద్దరు న్యాయమూర్తులు ఆ చిత్రమును తామే సాంతముగా చూచి, నిలుపుటకు కారణము లేదనిరి. ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానమును అట్లే తీర్పు చెప్పెను. వారు ఆశ్రయించిన ప్రమాణము పూర్వము నాగపూరు న్యాయస్థానమున వివియన్ బోస్ నిర్ణయించినది: మాటయొక్క ప్రభావమును వివేకము, మనోదార్ఢ్యము గల మనుష్యునిపై కొలువవలెనే గాని, ప్రతి విరుద్ధాభిప్రాయమునకును ఉలికిపడు దుర్బలచిత్తునిపై కొలువరాదు.

శంకరభాష్యమును చదివినవానికి ఈ ప్రమాణము క్రొత్తదిగా తోపదు. శుద్ధి దృశ్యమునందు లేదు, చూచువానియందు ఉన్నది. అదే మారణకాండను చూచి ఒకడు పశ్చాత్తాపమును, ఒకడు పగను పొందును. ఇంతవరకు నాకు సందేహము లేదు. కాని దీనిని వక్తకు అనుమతిపత్రముగా చేసికొనువారు అదే ఆచార్యుని గీతాభాష్యమును కూడ చదువవలెను. గీత పదునేడవ అధ్యాయమున మొదట త్రివిధాహారములును, కొంచెము దిగువను వాఙ్మయ తపస్సును చెప్పబడినవి. (పులుపు, ఉప్పు, కారము మితిమీరినవి రాజసములని చదివినపుడు ఆవకాయ గోంగూరలపై పెరిగిన మనము తల వంచుకొనక తప్పదు.) ఉద్వేగము కలిగింపనిదియు, సత్యమును, ప్రియమును, హితమునునగు మాట వాఙ్మయ తపస్సు, అందులో ఏ యొక్క లక్షణము లోపించినను అది తపస్సు గాదని శంకరులు స్పష్టముగా పలికిరి. అయితే ఈ నియమము తపస్సు చేయువానికి చెప్పబడినది. పొరుగువాని తపస్సు సరిగా సాగుటలేదని అతని నోరు మూయు అధికారమును ఆ అధ్యాయము ఎవరికిని ఈయలేదు. ఆహారనియమమును అంతియే, అది తన విస్తరికే గాని, పంక్తిలో పక్కవాని విస్తరిని లాగివేయుటకు గాదు. మన వివాదములలో మాటలాడువాడు వినువాని ధర్మమగు సహనమును వల్లించును, వినువాడు మాటలాడువాని ధర్మమగు వాక్సంయమమును వల్లించును. ఇరువురును ఎదుటివానికి చెప్పిన పాఠమునే కంఠస్థము చేసినారు.

మరి సత్యమును హితమును అయియు ప్రియము గాని మాట గతి యేమి? సీతాపహరణము వలదని మారీచుడు రావణునకు చెప్పినది అట్టిది. తపస్సు లెక్కకు వచ్చునో రాదో గాని, అది పథ్యము. రావణుడు దానిని సహింపలేక, చెప్పినట్లు చేయకున్న చంపెదనని బెదరించినాడు. ‘తమస్’ ఆ కోవకు చెందినదని నా యభిప్రాయము. హత్యకు పురికొల్పు మాట వేరు. అది కారము గాదు, విషము, దానిని అడ్డుటకు రాజ్యాంగపు 19వ అధికరణము రెండవ ఖండమునందే అవకాశము కలదు.

అయినను ఒక శంక మిగిలియున్నది. న్యాయమూర్తులు భావించిన ఆ దృఢచిత్తుడు టెలివిజను ముందు ఒంటరిగా కూర్చుండడు. అతని ఒడిలో ఏడేండ్ల పిల్ల యుండును. రాగద్వేషములను వేరుచేసి చూచు శక్తి ఆ పిల్లకు ఇంకను అలవడలేదు, భాష్యము ఆమెను ఉద్దేశించి వ్రాయబడలేదు. పులుసులో కారము వేయుటకు ముందే పసివారికి కొంత వేరుగా తీసియుంచుట మన యిల్లాండ్రకు తెలిసిన పని. దానికై ఎవరును మిరపతోటలను తగులబెట్టలేదు. ఆ తీసియుంచు పనిని ప్రభుత్వమునకు ఒప్పగింపుడను వారితో మాత్రము నేను ఏకీభవింపజాలను. ఏలయన దొరతనము గరిటె పట్టినచో పిల్లకై తీసిన చప్పిడి పులుసునే ఊరందరికిని వడ్డించును. ‘తమస్’ను ఆపుమన్నవారు కోరినది దాదాపు అదియే.