తట్టలు మోసే చాచా

హైదరాబాద్ లాడ్ బజార్‌లో ఒక లక్క గాజుల దుకాణం ఉండేది. దానికి గాజులు చేసిచ్చే కార్ఖానా హుస్సేనీ ఆలం గల్లీలో. రాళ్లు పొదిగేది తలాబ్‌కట్టలో ఆడవాళ్లు, ఇళ్ల దగ్గరే. ఈ మూడు చోట్లకీ సైకిల్ మీద తట్టలు మోసేవాడు ఒక చాచా.

ఒక పెళ్లిళ్ల సీజన్‌లో గాజులు వాపసు రాసాగాయి. తొడుక్కున్న వారానికే రాళ్లు రాలుతున్నాయి. దుకాణం సేఠ్ వాటిని సంచిలో వేసి మూలకు నెట్టాడు. నష్టం ఆడవాళ్ల కూలిలో కోశాడు. కార్ఖానాలో ఉస్తాద్‌కు ఈ సంగతే తెలియదు. లక్క ధర పెరిగిందని ఆయన పాకంలో రాతిపొడి కాస్త ఎక్కువ కలుపుతున్నాడు. గాజు గట్టిగా, నున్నగా వస్తోందని సంతోషంగా కూడా ఉన్నాడు. తలాబ్‌కట్ట ఆడవాళ్లకు మాత్రం ఆ తేడా వేళ్లకే తెలిసిపోయింది. సెగ మీంచి తీయగానే లక్క బిగుసుకుంటోంది. నాలుగు రాళ్లు దిగేసరికి ఐదోది పైపైన నిలుస్తోంది. చెబితే ఇంకా కోస్తారేమోనని ఎవరూ నోరు మెదపలేదు.

మూడు గుమ్మాల్లో మాటలూ విన్నది చాచా ఒక్కడే. "సాబ్, ఆ సంచి ఒక్కసారి తలాబ్‌కట్టకు తీసుకుపోనివ్వండి. రాళ్లు ఊడిన గాజును అక్కడి ఆడవాళ్లు ఇంతవరకు కళ్లతో చూడలేదు" అన్నాడు.

సేఠ్ ఉస్తాద్‌ను వెంటబెట్టుకుని తనే వెళ్లాడు. కూలి కోయనని మాటిచ్చాక ఒకావిడ గాజు తిప్పి చూపించింది. "ఐదో రాయి నుంచి చూడండి భాయ్, అన్నీ ఊడినవే. నాలుగు పెట్టి, కొంచెం జాగా వదిలి, మళ్లీ సెగ చూపించి నాలుగు పెడితే నిలుస్తాయి."

ఉస్తాద్ పొడి తగ్గించాడు. ఆవిడ వదలమన్న జాగాను మాత్రం అలాగే ఉంచేశారు. గుత్తులు గుత్తులుగా రాళ్లు, వాటి నడుమ లక్క రంగు మెరుస్తుంటే కొనేవాళ్లు ఆ రకమే కావాలని అడగసాగారు.

నీతి: చిన్న వ్యాపారంలో తెలివి ముక్కలు ముక్కలుగా పలు చేతుల్లో ఉంటుంది. ఆ ముక్కలు కలిసిన చోటే కొత్త సరుకు పుడుతుంది. చెప్పినవాళ్ల కూలి కోస్తే అవి ఎన్నటికీ కలవవు.

పెద్ద కంపెనీలకూ ఇదే అనుభవం. జపాన్‌లో మత్సుషిటా కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసుకునే యంత్రం తయారు చేస్తుంటే పిండి సరిగా కలవలేదు. ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలో ఒక హోటల్ బ్రెడ్ మాస్టర్ దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని మెలితిప్పి సాగదీసే తీరు పట్టుకొచ్చింది. యంత్రం 1987లో బజారుకొచ్చింది. మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా తన రచనల్లో ఈ ఉదంతాన్నే ముందుకు తెచ్చాడు. కాగితం మీదకు రాని పనితనాన్ని తెచ్చుకోవాలంటే ఒక మనిషి ఆ పని దగ్గరికి వెళ్లాల్సిందే.

మళ్లీ మన గాజుల దగ్గరికొస్తే, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడుతుంది, నాకు చాలా సంతోషం. పాకం ఎంత సెగకు లొంగుతుందన్నది మాత్రం ఇంకా రాళ్లు పొదిగేవాళ్ల వేళ్లలోనే ఉంది. అందుకే దుకాణదారులకు నా విన్నపం: వాపసు వచ్చిన గాజుల్ని పొదిగినవాళ్ల ముందు పెట్టండి. వాళ్లు కూర్చుని చూసే ఆ పూటకు కూలి కట్టివ్వండి. కొత్త రకం అమ్ముడుపోతే, ఆ ఆలోచన మొదట చెప్పినావిడకు జతకు ఇంతని వాటా ఇవ్వండి.